డెబ్బై రెండు హక్కులు, ఒక వసారా

కొచ్చి పక్కన మట్టాంచేరిలో, సుగంధ ద్రవ్యాల గోదాములూ కశ్మీరీ వ్యాపారుల పాత సామాన్ల కొట్లూ దాటుకుని వెళ్తే జ్యూ టౌన్ వీధి చివర పరదేశి సినగాగ్ వస్తుంది. అంటే యూదుల ప్రార్థనాలయం, తెలుగు బైబిల్ చదివినవాళ్లకు తెలిసిన మాటలో చెప్పాలంటే సమాజమందిరం. 1568లో కట్టారు. లోపలికి పోవాలంటే చెప్పులు విప్పాలి. మిగతా దేశాల యూదుల్లో ఇది దాదాపు కనిపించని ఆచారం. గుడికి వెళ్లే జనం మధ్య తరతరాలుగా బతికితే అబ్బిన అలవాటు. విప్పిన కాళ్ల కింద చల్లగా తగిలేవి చైనా నుంచి 18వ శతాబ్దంలో ఓడల్లో వచ్చిన పలకలు. తెలుపు మీద నీలం, చేత్తో వేసిన బొమ్మలు. మధ్యలో ఇత్తడి కటకటాల వేదిక, పైన గాజు దీపాలు. గోడ అవతలే రాజుగారి ప్యాలెస్, గుడి.

అక్కడ నిలబడ్డ ప్రతి టూరిస్టుకూ ఒక మాట వినిపిస్తుంది. ప్రపంచమంతా యూదుల్ని తరిమితే మన దేశం మాత్రం ఎప్పుడూ వాళ్ల జోలికి పోలేదు అని. గైడ్లూ చెబుతారు, పెద్ద పెద్ద నాయకులూ చెబుతారు. ఇది చాలావరకు నిజమే. 1662లో ఈ మందిరాన్ని పాడుచేసింది పోర్చుగీసులు. కొచ్చి రాజు కాదు. నా అభ్యంతరమల్లా ఆ మాట అక్కడితో ఆగిపోవడం మీదే. మనం వాళ్లకు చోటిచ్చాం, సరే. ఏ చోటు ఇచ్చాం? ఆ ప్రశ్నకు జవాబు దొరికేది లోపలి దీపాల దగ్గర కాదు, లోపలికి వెళ్లేముందు దాటే వసారాలో.

ఎందుకంటే ఈ మందిరంలో కొందరు యూదులు చాలాకాలం ఆ వసారాలోనే ఉండిపోయారు. వాళ్లను హీబ్రూలో మెషుఖ్రరీం అన్నారు. అంటే విడుదలైన బానిసలు, వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. దేవుడు అదే, శనివారం విశ్రాంతి దినం అదే, ధర్మశాస్త్రం అదే. కానీ లోపల బెంచీల మీద కూర్చోకూడదు, ధర్మశాస్త్రం చుట్ట విప్పి చదవకూడదు, చచ్చిపోతే అందరితో పాటు పూడ్చకూడదు. పెళ్లిసంబంధాల మాట చెప్పక్కర్లేదు.

కేరళ యూదుల్లో పాతకాపులు మలబారీలు. క్రాంగనూరు రేవు రోజుల నుంచీ ఉన్నవాళ్లు. 1492లో స్పెయిన్ యూదుల్ని వెళ్లగొట్టాక అటునుంచి, ఇంకా ఇరాక్, సిరియా వైపు నుంచి వచ్చి చేరినవాళ్లు పరదేశీలు. పేరులోనే ఉంది, బయటివాళ్లని. కానీ కొన్ని తరాలు గడిచేసరికి అసలు యూదులం మేమే అన్నది ఈ బయటివాళ్లే. పరదేశీలు తెల్ల యూదులు, మలబారీలు నల్ల యూదులు అనే మాటలు పుట్టాయి. పరదేశీల మందిరంలోకి మలబారీలకు సమాన ప్రవేశం లేదు, ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు. వలస వచ్చినవాడు ఊరివాణ్ణి తక్కువ చేయడం మనకు విచిత్రంగా అనిపించవచ్చు గానీ, కులం లెక్కల్లో ముందు వచ్చిందెవరు అనేదానికి ఎప్పుడూ పెద్ద విలువ లేదు.

ఇప్పుడు రాగిరేకుల సంగతి. క్రీ.శ. 1000 ప్రాంతంలో చేర రాజు భాస్కర రవివర్మ, జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు ఇచ్చిన శాసనం అది. 2017లో మన ప్రధాని ఇజ్రాయెల్ వెళ్లినప్పుడు దాని నకలునే కానుకగా తీసుకెళ్లారు. మతసామరస్యానికి సాక్ష్యమని అందరూ చూపిస్తారు. అందులో ఏముందో చదివితే ఇంకోటి కూడా కనిపిస్తుంది. 72 హక్కులు ఇచ్చాడు రాజు. పల్లకీ ఎక్కొచ్చు, గొడుగు పట్టించుకోవచ్చు, పగలు దీపం వెలిగించుకు నడవొచ్చు, నడిచే దారిలో బట్ట పరిపించుకోవచ్చు, బాకా ఊదించొచ్చు, కొన్ని పన్నులు కట్టక్కర్లేదు. ఇవి ‘నీ దేవుణ్ణి నువ్వు కొలుచుకో’ అని ఇచ్చిన హక్కులు కావు. ఎవరు గొడుగేసుకోవాలి, ఎవరు వేసుకోకూడదు అని లెక్కలున్న సమాజంలో ‘నువ్వు పై మెట్టు’ అని ఇచ్చిన హోదా. మన పల్లెల్లో కూడా ఫలానా వీధిలో చెప్పులేసుకు నడవకూడదనే కట్టుబాట్లు చూసినవాళ్లకు గొడుగు ఎంత పెద్ద విషయమో విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి పై మెట్టు దొరికినవాడికి ఆ మెట్టు కాపాడుకోవాలంటే కింద ఒకడు కావాలి. మడి కూడా కావాలి. కొచ్చి యూదులు పస్కా పండగకు చేసే ఏర్పాట్ల గురించి చదివినప్పుడు నాకు వెంటనే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. బావి తోడించడం, ఇంటికి వెల్లవేయడం, బియ్యం గింజ గింజా ఏరడం, పండగ గిన్నెలు వేరే పెట్టడం. పులిసిన పిండి ఇంట్లో ఉండకూడదనేది యూదుల నియమమే, దేశదేశాల్లోనూ ఉంది. కానీ నెలల తరబడి సాగే ఆ భయం, ఆడది ఎక్కడైనా పొరపాటు చేస్తే మొగుడికీ పిల్లలకూ కీడు జరుగుతుందనే బెంగ మాత్రం మన నేలదే. వాళ్ల గ్రంథంలోని శుద్ధి మన మడితో కలిసిపోయింది.

అలాగని నింద మొత్తం మనమీదే వేసుకోనక్కర్లేదు. పరదేశీలు స్పెయిన్ నుంచి వచ్చేటప్పుడే వంశం గొప్పలు కొన్ని మూటగట్టుకుని తెచ్చారు. బానిసల్ని కొనడం అప్పటి ప్రపంచంలో అన్ని మతాలవాళ్లూ చేసిన పనే. ఇక్కడి నేల ఆ విత్తనానికి బాగా సరిపోయింది, అంతే.

యూదు మతశాస్త్రం దీన్ని ఒప్పుకుందా అంటే, లేదు. ఇక్కడే నాకు అన్నిటికన్నా ఆసక్తికరమైన కాగితం ఒకటి ఉంది. 16వ శతాబ్దంలో కొచ్చి నుంచి కైరోలోని డేవిడ్ ఇబ్న్ జిమ్రా అనే పేరున్న రబ్బీకి, అంటే యూదు మతగురువుకు, ఒక ప్రశ్న వెళ్లింది. ఇక్కడ సుమారు 900 యూదు కుటుంబాలున్నాయి, వాళ్లలో 100 మంచి వంశంవాళ్లమని చెప్పుకుంటూ మిగతావాళ్లను బానిసల సంతానమని దూరం పెడుతున్నారు, ఏం చేయాలి అని. దూరం పెట్టబడ్డవాళ్లలో డబ్బున్నవాళ్లు, భక్తి ఉన్నవాళ్లు చాలామంది. ఇదంతా అసూయ వల్ల వచ్చిన మాట అని కూడా ప్రశ్నలోనే రాశారు. రబ్బీ జవాబు సూటిగా ఉంది. శాస్త్రప్రకారం ఒకసారి స్నానశుద్ధి చేయిస్తే చాలు, వాళ్లు అందరిలాంటి యూదులే, పెళ్లిళ్లు చేసుకోవచ్చు అన్నాడు. తర్వాత అలెగ్జాండ్రియా రబ్బీ కూడా ఇదే మాట చెప్పాడు. తీర్పు వచ్చింది. కొచ్చిలో అమలు కాలేదు. నాలుగు వందల ఏళ్లు కాలేదు.

చివరికి దాన్ని కదిపినవాడు అబ్రహాం బరాక్ సేలం. 1882లో మెషుఖ్రరీం కుటుంబంలో పుట్టాడు, లా చదివాడు, కొచ్చి శాసనసభలో కూర్చున్నాడు, 1929 లాహోర్ కాంగ్రెస్‌కు వెళ్లొచ్చాడు. శాసనసభలో కుర్చీ ఉంది, తన మందిరంలో బెంచీ లేదు. వైకోంలో గుడి చుట్టూ రోడ్ల కోసం సత్యాగ్రహం జరిగింది 1924-25లో, కొచ్చికి దగ్గర్లోనే. సేలం అదే ఆయుధాన్ని తన మందిరంలోకి తెచ్చాడు. కొన్నాళ్లు లోపలికి రావడమే మానేశాడు, తర్వాత అక్కడే బైఠాయించాడు. ఒక్కో కట్టుబాటూ సడలింది. జనం ఆయన్ను యూదు గాంధీ అన్నారు. 1950 ప్రాంతంలో ఆయన కొడుకు ఒక పరదేశి అమ్మాయిని పెళ్లి చేసుకుంటే ఊళ్లో గోల జరిగింది, పెళ్లి బొంబాయిలో చేసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ వీధికే ఆయన పేరు పెట్టారు. ఆ బోర్డు ముందు ఫొటో దిగేవాళ్లలో ఎంతమందికి ఈ కథ తెలుసో మరి.

సమానత్వం వచ్చేసరికి సమాజమే లేకుండా పోయింది. 1948 నాటికి సుమారు 2,500 మంది ఉన్న కొచ్చి యూదుల్లో మలబారీలు 1950లలో దాదాపు ఊళ్లకు ఊళ్లే ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. ఎవరో తరమలేదు, వాగ్దాన భూమి పిలిచింది. బోదకాలు జబ్బు వస్తుందేమోనని అక్కడి అధికారులు కొన్నాళ్లు వీళ్లను ఆపారు కూడా. ఆస్తులున్న పరదేశీలు నెమ్మదిగా, ఆ తర్వాతి దశాబ్దాల్లో కదిలారు. ప్రార్థనకు పదిమంది మగవాళ్లు ఉండాలనేది నియమం. ఆ పదిమంది కోసం ఇప్పుడు బయటి దేశం నుంచి వచ్చిన యూదు టూరిస్టుల మీద ఆధారపడాలి. మలబారీల కడవుంభాగం మందిరం లోపలి కొయ్యపని 1990లలో జెరూసలేం మ్యూజియంకు చేరి భద్రంగా ఉంది. మట్టాంచేరిలో మిగిలిన దాని గోడలు 2019 సెప్టెంబర్ వానల్లో కూలాయి.

ఇది కొచ్చి ఒక్కదాని కథ అయితే స్థానిక చరిత్ర అని వదిలేయొచ్చు. కొంకణ్ తీరంలో నూనె గానుగలాడించిన బెనె ఇజ్రాయెలీలు అనే యూదులను ఇరుగుపొరుగు ‘శనివార్ తేలీ’ అన్నారు, శనివారం పని చేయని గానుగవాళ్లని. ఆ పేరే ఒక కులం పేరు. వాళ్లలోనూ గోరా, కాలా అని, అంటే తెల్ల, నల్ల అని రెండు వర్గాలు. ఇందులో వింత ఏమిటంటే, 1960ల మొదట్లో ఇజ్రాయెల్‌లో పెళ్లి చేసుకోబోతే అక్కడి రబ్బీలు వీళ్ల వంశాన్నే ప్రశ్నించారు. తాతముత్తాతల రుజువులు తెమ్మన్నారు. జెరూసలేంలో ధర్నాలు చేశాక, ప్రభుత్వం కల్పించుకున్నాక 1964లో వెనక్కి తగ్గారు. తమలో కాలా వర్గాన్ని దూరం పెట్టినవాళ్లు అక్కడ తామే కాలా అయ్యారు.

మన గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో కథ ఇంకోవైపు నుంచి మొదలవుతుంది. మాదిగ కులంలో పుట్టి, బాప్టిస్టు క్రైస్తవులుగా పెరిగిన కొన్ని కుటుంబాలు 1980ల తర్వాత తాము ఇజ్రాయెల్ పన్నెండు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతానమని ప్రకటించుకున్నాయి. చిన్న మందిరం కట్టుకున్నారు, హీబ్రూ నేర్చుకున్నారు, శనివారం పాటిస్తున్నారు. ఊరు ఏ తిండి చూపించి వాళ్లను అంటరానివాళ్లని అందో, ఆ తిండినే తమ ప్రాచీన వంశానికి గుర్తుగా వాళ్లు చెబుతారు. చరిత్రకారులకు ఆధారాలు దొరుకుతాయా అంటే నాకు అనుమానమే. వాళ్లను చూసి నవ్వేవాళ్లూ ఉన్నారు, ఇజ్రాయెల్ వీసా కోసమని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. కానీ వెయ్యేళ్ల కింద ఒక రాజు రాగిరేకు రాసిచ్చి ఒక సమూహాన్ని పై మెట్టు ఎక్కించగలిగితే, రాగిరేకు రాసిచ్చేవాడు లేనివాళ్లు తమ వంశాన్ని తామే రాసుకోవడం నాకేమీ తప్పుగా అనిపించదు.

మణిపూర్, మిజోరంలలో తాము ఇజ్రాయెల్ గోత్రాల్లో మనష్షే సంతానమని చెప్పుకునే బ్నే మెనాషేలను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఒకరు గుర్తించాక వాళ్లలో వేలమంది మతశుద్ధి జరిపించుకుని అక్కడికి వెళ్లారు. కొచ్చి నుంచి కైరోకు ప్రశ్న వెళ్తే జవాబు తిరుగు ఓడలో వచ్చింది, వినేవాళ్లు లేకపోయినా. కొత్తరెడ్డిపాలెం మందిరంలో ప్రతి శుక్రవారం సాయంత్రం దీపం వెలుగుతుంది. జెరూసలేం నుంచి ఆ ఊరికి అలాంటి జవాబు ఇంకా రాలేదు.