బోర్డ్‌మన్ పతకాన్ని సైకిల్ ఖాతాలో వేయకండి

ఒక నల్ల సైకిల్ ఫొటో తరచూ షేర్ అవుతూ ఉంటుంది. ముందు చక్రానికి ఒకవైపే ఫోర్క్, గొట్టాలకు బదులు ఒకే ముక్కగా పోతపోసినట్టున్న కార్బన్ ఫ్రేమ్. దాని కింద రాసేది దాదాపు ఇదే: "1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో గెలిచింది క్రిస్ బోర్డ్‌మన్ కాదు, ఈ లోటస్ సైకిల్. దీనిమీద ఎవరు కూర్చున్నా స్వర్ణం వచ్చేది. ప్రత్యర్థి కూడా అంతంతమాత్రమే. ఇలాంటివి నిషేధించాక అతని పని అయిపోయింది." చదివిన ప్రతిసారీ నాకు బాధేస్తుంది. ఒక బ్రిటన్ సైక్లిస్టు ఏళ్ల కష్టాన్ని నాలుగు ముక్కల్లో కొట్టిపారేయడం ఇది.

"ఎవరు కూర్చున్నా" అన్న మాట ముందు చూద్దాం. సైకిల్ వేగం రెట్టింపు కావాలంటే, గాలిని తోసుకుపోవడానికి దాదాపు ఎనిమిది రెట్ల శక్తి కావాలి. బోర్డ్‌మన్ ఆ పోటీల్లో, పర్స్యూట్ అనే ట్రాక్ ఈవెంట్‌లో, 4 కిలోమీటర్లను 4 నిమిషాల 24.496 సెకన్లలో తొక్కి ప్రపంచ రికార్డు పెట్టాడు. అంటే నిలబడి ఉన్న చోటు నుంచి మొదలుపెట్టి కూడా సగటున గంటకు 54 కిలోమీటర్లు దాటాడు. ఆ వేగంలో గాలికి ఎక్కువగా అడ్డుపడేది సైకిల్ కాదు, దానిమీద ఉన్న మనిషి ఒళ్లు. అందుకే వీపు బల్లపరుపుగా వంచి, మోచేతులు దగ్గరికి తెచ్చి, తల దించి తొక్కాలి. పొట్ట నొక్కుకుపోయి ఊపిరి సరిగ్గా ఆడని ఆ భంగిమలో ఒక్క నిమిషం బలంగా తొక్కి చూస్తే తెలుస్తుంది అదెంత కష్టమో. సైకిల్ డిజైనర్ మైక్ బరోస్ ఆలోచన నుంచి పుట్టిన ఆ ఫ్రేమ్ సాయం చేసింది, కాదనను. కానీ పెడల్ మీద పడిన బలం ఫ్రేమ్‌ది కాదు.

ఆ బలం ఎక్కడిదో లోటస్ రాకముందే తెలిసింది. 1988 నుంచి 1991 దాకా వరసగా నాలుగేళ్లు కొండ ఎక్కే సైకిల్ పందెమైన హిల్ క్లైంబ్‌లో బ్రిటన్ ఛాంపియన్ బోర్డ్‌మనే. నిట్టనిలువు రోడ్డు మీద వేగం తక్కువ, అక్కడ గాలిని చీల్చే డిజైన్‌తో పెద్దగా పని లేదు. గుండె, ఊపిరితిత్తులు, కాళ్లు, ఇవే లెక్క. 20 ఏళ్ల వయసులోనే సియోల్ ఒలింపిక్స్‌లో జట్టుగా తొక్కే టీమ్ పర్స్యూట్‌లో పాల్గొన్నాడు. కోచ్ పీటర్ కీన్‌తో కలిసి ప్రతి ట్రైనింగ్‌నూ కొలతలు వేసుకుని చేశాడు. ఫొటో షేర్ చేసేవాళ్లు ఈ ఏళ్ల గురించి ఒక్క ముక్కా రాయరు.

ప్రత్యర్థి సంగతికి పెద్ద చర్చ అక్కర్లేదు. జర్మనీకి చెందిన యెన్స్ లేమన్ అంతకుముందు ఏడాదే ఇదే ఈవెంట్‌లో ప్రపంచ ఛాంపియన్. పర్స్యూట్‌లో ఇద్దరూ ట్రాక్‌కు ఎదురెదురు వైపుల నుంచి బయల్దేరతారు. ఒకరు రెండోవాళ్లను వెనక నుంచి అందుకుంటే పోటీ అక్కడితో సరి. ఒలింపిక్ ఫైనల్లో అలా జరగదనే అందరి లెక్క. ఆ రోజు మాత్రం ల్యాప్ ల్యాప్‌కీ జర్మన్ జెర్సీ దగ్గరవుతూ వచ్చింది, చివర్లో బోర్డ్‌మన్ అతన్ని దాటేశాడు. ప్రపంచ ఛాంపియన్‌ను అలా పట్టుకోవాలంటే ఎంత దమ్ముండాలి!

ఇక "పని అయిపోయింది" అన్న మాట. 1993 జులైలో స్కాట్లండ్‌కు చెందిన గ్రేమ్ ఓబ్రీ, తానే స్వయంగా తయారు చేసుకున్న సైకిల్ మీద గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కి, ఒక గంటలో అత్యధిక దూరానికి ఇచ్చే అవర్ రికార్డు పట్టాడు. ఆరు రోజులకే బోర్డోలో బోర్డ్‌మన్ 52.270తో దాన్ని దాటాడు. అప్పుడు తొక్కింది లోటస్ కూడా కాదు, కొరిమా అనే వేరే కంపెనీ సైకిల్. 1994 టూర్ డి ఫ్రాన్స్‌లో తొలిరోజు గెలిచి పసుపు జెర్సీ వేసుకున్నాడు. 1996లో చేతులు ముందుకు పూర్తిగా చాచే 'సూపర్‌మ్యాన్' భంగిమలో గంటకు 56.375 కిలోమీటర్లు తొక్కి మళ్లీ అవర్ రికార్డు పెట్టాడు. తర్వాత అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య అలాంటి భంగిమలనూ సైకిళ్లనూ పక్కనపెట్టి, 1972లో బెల్జియం సైక్లిస్టు ఎడీ మెర్క్స్ అవర్ రికార్డుకు తొక్కిన తరహా సైకిల్ మీద చేసినదే అవర్ రికార్డు అని తేల్చింది.

బోర్డ్‌మన్ అప్పుడేం చేశాడో చూడండి. 2000 అక్టోబరులో, 32 ఏళ్ల వయసులో, మాంచెస్టర్ ట్రాక్ మీదికి మామూలు స్టీరింగ్, పుల్లల చక్రాలు, గుండ్రటి గొట్టాల ఫ్రేమ్ ఉన్న సైకిల్‌తో వచ్చాడు. మెర్క్స్ రికార్డు గాలి పలచగా ఉండే మెక్సికో సిటీలో పెట్టింది, 49.431 కిలోమీటర్లు. మాంచెస్టర్‌లో ఆ ఎత్తు సాయం లేదు. అయినా గంట పూర్తయ్యేసరికి 49.441. సరిగ్గా 10 మీటర్లు ఎక్కువ.

అప్పటికే అతనికి ఎముకలు పలచబడే జబ్బు ఉంది. దానికి వాడాల్సిన టెస్టోస్టెరాన్ క్రీడల్లో నిషిద్ధం. అందుకే చికిత్స మొదలుపెట్టకుండా, ఆ గంట తొక్కేసి రిటైరయ్యాడు.