మూడో తీగ దించితే పాపమా?

నిన్న సాయంత్రం నుంచి ఒళ్ళు మండిపోతోంది. ఇక్కడ కక్కేయకపోతే ఈ రాత్రి కూడా నిద్ర పట్టేలా లేదు.

మా అన్నయ్య కూతురు నిజాంపేట వైపు ఒక గిటార్ క్లాసుకి వెళ్తోంది. పోయిన వారం దానికి ఓపెన్ డి ట్యూనింగ్ చూపించాను, అంటే ఏ తీగా నొక్కకుండా మీటినా డి కార్డ్ (కలిపి మోగే స్వరాల గుంపు) పలికేలా తీగలు దించడం. ఇక పిల్ల గిటార్ వదల్లేదు. సార్‌కి వినిపిద్దామని నిన్న ఆ ట్యూనింగ్‌తోనే పట్టుకెళ్ళింది. ఆయన రెండు తీగలు మీటి, అందరు పిల్లల ముందూ "ఏందమ్మా, ఇంకా ట్యూన్ చేసుకోవడం రాలేదా? మొత్తం పోయింది" అన్నాడట. "కాదు సార్, ఇది ఓపెన్ డి" అంటే "అవన్నీ గ్రేడ్ పరీక్షల్లో రావు" అని గిటార్ లాక్కుని, ఫోన్‌లో యాప్ పెట్టి తీగలన్నీ మళ్ళీ బిగించి చేతిలో పెట్టాడు. ఏదీ, ఒకసారి వాయించు అని ఒక్క మాట అడగలేదు. ఇంటికొచ్చి "అత్తా, అది నిజంగా తప్పా?" అంది. నాకు ఏడుపొచ్చింది.

తప్పు కాదు. గట్టిగా చెప్తున్నా, ఏ కోణంలో చూసినా తప్పు కాదు. మామూలు ట్యూనింగ్‌లో లావు తీగ (ఆరోది) నుంచి సన్న తీగ (ఒకటోది) దాకా ఈ, ఏ, డి, జి, బి, ఈ. ఓపెన్ డిలో డి, ఏ, డి, ఎఫ్ షార్ప్, ఏ, డి. నాలుగు తీగలు మారతాయి, నాలుగూ కిందికే, కాబట్టి తీగ తెగుతుందన్న భయం కూడా లేదు. దీనికి యాప్ అక్కర్లేదు. ఆరో తీగని, నాలుగో తీగని కలిపి మీటుతూ ఆరో తీగ కీ మెల్లగా వదులు చేయండి. మొదట రెండు నాదాలూ పోట్లాడుకుంటాయి, ఊఁ ఊఁ అని ఊగుతుంది. దగ్గరికొచ్చేకొద్దీ ఆ ఊగు నెమ్మదిస్తుంది. కలిసిన క్షణం ఊగు ఆగిపోయి, గిటార్ పెట్టె మొత్తం పొట్టకి ఆనుకుని గుమ్మని మోగుతుంది. తర్వాత నాలుగో తీగని నాలుగో ఫ్రెట్ (మెడ మీది అడ్డ మెట్టు) దగ్గర నొక్కి, దాంతో మూడో తీగని కలపండి. అలాగే మూడో తీగ మూడో ఫ్రెట్‌తో రెండోది, రెండో తీగ ఐదో ఫ్రెట్‌తో ఒకటోది. అయిపోయింది. మా పిల్ల ఇదంతా చెవితో చేసింది! యాప్ లేకుండా! ఆ సార్‌కి "ట్యూన్ చేసుకోవడం రాని" పిల్లగా కనిపించింది ఈ పిల్ల.

ఆ యాప్ సంగతి కూడా చెప్పాలి. గిటార్ అని ఎంచుకుంటే చాలా యాప్‌లకి ఆ ఆరు స్వరాలే లెక్క. ఇంకేది మోగినా తక్కువ, ఎక్కువ అని చూపిస్తాయి. క్రోమాటిక్ అని పెట్టుకుంటే ఏ స్వరమైనా చూపిస్తాయి. ఫోన్‌లో ఒక్క బటన్ మార్చుకునే ఓపిక లేని మనిషి పిల్లకి చెవి లేదనడం ఏమిటి?

మన తెలుగువాళ్ళకి ఇది కొత్తా అసలు? వీణ చూడండి. వాయించే తీగలు నాలుగు, తాళం తీగలు మూడు. ఏడింటిలోనూ స, ప తప్ప వేరే స్వరం లేదు. ఓపెన్ డిలో డి షడ్జం (స) అనుకోండి, తీగలు స ప స గ ప స. మధ్యలో ఒక్క అంతర గాంధారం (గ). ఏమీ నొక్కకుండా మోగేవన్నీ మోహన రాగం స్వరాలే. రెండో తీగ రెండో ఫ్రెట్ దగ్గర ద, ఒకటో తీగ రెండో ఫ్రెట్ దగ్గర రి. మోహన పూర్తయిపోయింది, కింద ఆరో తీగ శ్రుతిలా మోగుతూనే ఉంటుంది. ఆ పిల్లకి ఇది నేను చెప్పలేదు. "అత్తా, ఇది మోహన కదా" అని అదే పట్టేసింది. చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న నాలుగు గీతాల పుణ్యం. మూడో తీగని జి దగ్గరే ఉంచేస్తే గాంధారం పోయి శుద్ధ మధ్యమం వస్తుంది, శుద్ధ సావేరి రాగానికి హాయిగా కూర్చుంటుంది. ఒక్క అర స్వరంలో ఇంత ఉంది.

పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్ మీద జంట తీగలు తీసేసి, ఐదు ఒంటి తీగలతో కర్ణాటక సంగీతం పలికించారు. విశ్వమోహన్ భట్ గిటార్‌కి తీగలు పెంచి మోహన వీణ అనే వాద్యం చేసుకుని 1994లో గ్రామీ అవార్డు అందుకున్నారు. కెనడా గాయని జోనీ మిచెల్‌కి చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ చేయి బలహీనపడింది, ఆ చేతికి వీలుగా ఓపెన్ ట్యూనింగులు ఎంచుకుని తనదంటూ ఒక సంగీతమే తయారు చేసుకుంది. రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఓపెన్ జి ట్యూనింగ్ కోసం ఆరో తీగే తీసేసి ఐదింటితో వాయిస్తాడు. వీళ్ళందరిదీ పోయిన ట్యూనింగేనా సార్?

ఓపెన్ డిలో తీగలు వదులవుతాయి, గట్టిగా కొడితే ఫ్రెట్లకి తగిలి బుర్రుమంటాయి. నేర్చుకున్న కార్డ్ షేపులు (వేళ్ళు పెట్టే తీర్లు) పనిచేయవు. నిజమే, ఒప్పుకుంటా. కానీ ఒక్క వేలు ఐదో ఫ్రెట్ మీద అడ్డంగా పెడితే జి కార్డ్, ఏడో ఫ్రెట్ మీద పెడితే ఏ కార్డ్. ఎఫ్ కార్డ్ దగ్గర వేళ్ళు నొప్పి పుట్టి గిటార్ మూల పడేసిన పిల్లలు మన అపార్ట్‌మెంట్లలో ఎంతమంది లేరు? వాళ్ళలో ఒక్కరికైనా ఎవరైనా ఇది చూపించారా?

చూపించరు. ఎందుకంటే గ్రేడ్‌లో రాదు. ఈ ఊళ్ళో దేన్ని ముట్టుకున్నా చివరికి కోచింగ్ సెంటరే అవుతుంది. ఈత, చదరంగం, డ్రాయింగ్, ఇప్పుడు గిటార్. పిల్ల ఏం విన్నది, ఏం కనిపెట్టింది అని ఎవరూ అడగరు, ఏ గ్రేడ్ అయింది అంటారు. తల్లిదండ్రులూ అంతే. మా వదిన కూడా నిన్న "సరేలే, ముందు పరీక్ష అవ్వనీ" అంది. ఆ మాట వినగానే నాకు ఇరవై ఏళ్ళ కిందటి మాట గుర్తొచ్చింది.

ఇంటర్‌లో నన్ను వేసిన రెసిడెన్షియల్ కాలేజీలో మొదటి రోజే వార్డెన్ మేడమ్ నా గిటార్ తీసుకుని స్టోర్ రూమ్‌లో పెట్టి తాళం వేసింది. "ముందు ఎంసెట్ అవ్వనీ" అంది. మా నాన్న పక్కనే నిలబడి తలూపారు. రెండేళ్ళ తర్వాత తెచ్చుకుంటే మెడ వంగిపోయి ఉంది, తీగలు తుప్పు పట్టి చేతికే అంటుకున్నాయి. ఏ ఫ్రెట్ నొక్కినా అపశ్రుతే. ర్యాంకు వచ్చింది, అందరూ స్వీట్లు తిన్నారు. ఆ గిటార్ గురించి ఈ రోజుకీ మా ఇంట్లో ఒక్కరూ క్షమించమని అనలేదు. ఆ తాళం వేసిన చేతినీ, తలూపిన తలనీ నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

అమ్మలూ నాన్నలూ, ఈసారి ఫీజు కట్టడానికి వెళ్ళినప్పుడు మీ పిల్లల సార్‌ని ఒక్కటే అడగండి: మూడో తీగ అర స్వరం దించితే ఏమొస్తుంది? చెప్పి, వాయించి చూపిస్తే రెండు చేతులా దండం పెట్టి ఫీజు కట్టండి. సిలబస్‌లో లేదంటే మాత్రం ఆ డబ్బు దేనికి తీసుకుంటున్నారో అక్కడే నిలబెట్టి అడగండి.