కింది సీటులో పుట్టిన ఆలోచనకు ఇన్‌వార్డు నంబరు ఏది?

పరిపాలనా సంస్కరణల మాట వచ్చినప్పుడల్లా మన రాష్ట్రంలో ఒక కమిటీ వేస్తారు, లేదంటే కొత్త పోర్టల్ ప్రారంభిస్తారు. ఫైలు ఎక్కడ ఆగుతోందో రోజూ కళ్లారా చూసే జూనియర్ అసిస్టెంటును మాత్రం ఎవరూ అడగరు. పని తేలికయ్యే సూచన ఇచ్చిన ఇలాంటి ఉద్యోగికి గుర్తింపు, నగదు బహుమతి ఇవ్వాలన్నది నా వాదన. హైదరాబాదులో ఒక శాఖాధిపతి కార్యాలయంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన నాకు ఈ విషయంలో కొంత కోపం ఉంది, దాన్ని దాచుకోను.

మా సెక్షన్‌కు జిల్లాల నుంచి వచ్చే పెన్షన్ ప్రతిపాదనలు చాలావరకు ఏదో ఒక కొర్రీతో వెనక్కి వెళ్లేవి. ఒకదానిలో సర్వీసు రిజిస్టరులో కొంతకాలానికి వెరిఫికేషన్ నమోదై ఉండదు, మరొకదానిలో భార్య పేరు నామినేషన్ పత్రంలో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంటుంది. రిటైర్మెంటుకు ఏడాది ముందే రిజిస్టరును ఉద్యోగి ముందు పెట్టి సరిచూస్తే బయటపడే లోపాలే ఇవన్నీ. మా సెక్షన్‌లోని ఒక జూనియర్ అసిస్టెంటు ఏడాదిపాటు వచ్చిన కొర్రీలన్నీ నోటుపుస్తకంలో రాసుకుని, వాటి ఆధారంగా ఒక్క పేజీ చెక్‌లిస్టు తయారుచేసి ఫైలు పెట్టింది. అది పైకి వెళ్లి ‘ప్లీజ్ డిస్కస్’ అన్న రెండు ముక్కలతో తిరిగొచ్చింది. (ఆఫీసుల్లో పనిచేసినవారికి ఆ మాటకు అర్థం తెలుసు: చర్చ జరగదు.) ఆమె ఆ తరువాత ఏ ఫైల్లోనూ సూచన రాయలేదు. ఆమెను తప్పుపట్టలేను, సూపరింటెండెంటుగా ఉండి ఆ ఫైలును మళ్లీ పైకి పంపనివాణ్ని నేనే.

2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం దరఖాస్తు పెట్టిన పౌరుడికి 30 రోజుల్లో జవాబివ్వాలి. కలెక్టరేట్లలో ప్రతి సోమవారం ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణి జరుగుతుంది. సొంత ఉద్యోగి రాసిన సూచనకు మాత్రం ఆ పాటి గడువు కూడా ఉండదు. ఇక ఆగస్టు 15న ఇచ్చే ప్రశంసాపత్రాలంటారా, అవి నేను చూసినంతవరకు సెక్షన్ల వారీగా వంతులు వేసుకుని పంచుకునేవే తప్ప, ఏ పని ఎంత తేలికైందో చూసి ఇచ్చేవి కావు.

జీతం తీసుకుంటున్నవారికి ఆలోచన చెప్పినందుకు మళ్లీ డబ్బెందుకని కొందరు అడుగుతారు. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 1954లోనే ఇందుకోసం చట్టం చేసింది. అక్కడ ఒక్కో ఉద్యోగికి 10,000 డాలర్ల వరకు నగదు బహుమతి ఇచ్చే అధికారం ఆయా శాఖలకే ఉంది. మనం అంత ఇవ్వనక్కర్లేదు. నా దృష్టిలో డబ్బు కంటే ముఖ్యమైనది పేరు: సూచన ఎవరిదో ఉత్తర్వులోనే రాయాలి, సర్వీసు రిజిస్టరులో నమోదు చేయాలి. అలా చేయకపోతే కింద పుట్టిన ఆలోచన పైకి వెళ్లేసరికి పై అధికారిదైపోతుంది. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ప్రజల చేత మరో ఫారం నింపించే ‘సంస్కరణ’కు మాత్రం పైసా కూడా ఇవ్వకూడదు.

ముందుగా పెన్షన్ ప్రతిపాదనలతోనే మొదలుపెట్టవచ్చు. 33 జిల్లాల్లో ఎక్కడ ఎన్ని కొర్రీలు తగ్గాయో లెక్కతీయడం కష్టమేమీ కాదు. అందుకు కావలసిన రిజిస్టర్లు సెక్షన్లలో ఇప్పటికే ఉన్నాయి.