మావయ్య నోట్‌బుక్కులో బాకీ నంబర్లు

మా మావయ్య స్టీల్ ప్లాంట్‌లో రిటైరై గాజువాకలో ఉంటాడు. మంగళవారం, గురువారం, ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆయన్ని ఎవరూ పలకరించకూడదు. ఎందుకంటే అప్పుడు అమెరికాలో మేముండే ఎడిసన్‌లో ముందురోజు రాత్రి 10:59, పవర్‌బాల్ అనే అక్కడి లాటరీ డ్రా టైము, కాఫీ గ్లాసు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఫోన్‌లో ఆ బంతులు దొర్లడమే చూస్తుంటాడు. ఆంధ్రాలో లాటరీ నిషేధం కదా, అందుకని నంబర్లు ఆయన వాట్సాప్‌లో పంపడం, వారానికో టికెట్ నేను కొనడం, గెలిస్తే చెరి సగం. ఏడాదిన్నరలో 156 డాలర్లు పెట్టాం, మూడుసార్లు నాలుగేసి డాలర్లు తగిలాయి. ఇప్పుడు నేను వైజాగ్‌లో ఉన్నాను కాబట్టి టికెట్ మా ఆవిడ కొంటోంది, నన్ను తిట్టుకుంటూ.

మొన్న ఆయన నోట్‌బుక్కు మొదటిసారి చేత్తో పట్టుకుని చూశాను. ఎర్ర అట్ట పొడుగు పుస్తకం, కిరాణా కొట్టులో పద్దులు రాసుకుంటారే అలాంటిది. 1 నుంచి 69 దాకా స్కేలుతో గళ్ళు గీసి, ఏ నంబర్ ఏ తేదీన వచ్చిందో నీలం పెన్నుతో, రెండు నెలలుగా రానివాటి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా. వాటికి ఆయన పెట్టిన పేరు బాకీ నంబర్లు. "అల్లుడూ, ఇవి మనకి బాకీ ఉన్నాయిరా, ఎప్పటికైనా రావాల్సిందే" అన్నాడు, చీటీ డబ్బులు ఎగ్గొట్టినవాడి గురించి చెప్పినట్టు.

నేను కూర్చుని లెక్క వేశాను. 69లో ఐదు తీస్తారు (పవర్‌బాల్ అనే ఆరో బంతి వేరే), కాబట్టి ఒక్కో నంబర్ సగటున 14 డ్రాలకి ఒకసారి రావాలి. వారానికి మూడు డ్రాలు, రెండు నెలలకి ఓ 26. ఫలానా నంబర్ ఈ 26లో ఒక్కసారి కూడా రాకుండా ఉండే అవకాశం దాదాపు 14 శాతం, అంటే ఎప్పుడు పుస్తకం తెరిచినా 69లో తొమ్మిదో పదో ఎర్ర సున్నాలు కనబడతాయి. ఆ రోజు మావయ్య పుస్తకంలో పదకొండు ఉన్నాయి. బాకీ లేదు ఏమీ లేదు, మామూలుగా జరగాల్సింది జరుగుతోంది అంతే.

అసలు ఈ బాకీ అనే ఆలోచన మనకి ఎక్కడినుంచి వచ్చిందా అనుకుంటుంటే సాయంత్రం అపార్ట్‌మెంట్ మేడ మీద దొరికింది. అత్త హౌసీ ఆడిస్తోంది, గుడ్డ సంచిలోంచి బిళ్ళలు తీస్తూ. హౌసీలో మావయ్య చెప్పింది వంద శాతం కరెక్టు! తీసిన బిళ్ళ మళ్ళీ సంచిలో వెయ్యరు, 90 బిళ్ళల్లో రానిది ఏదైనా ఉంటే అది ఇంకా లోపలే ఉన్నట్టు, ఆట సాగేకొద్దీ దాని ఛాన్స్ పెరుగుతూనే ఉంటుంది. మనం చిన్నప్పటినుంచి ప్రతి సంక్రాంతికీ, అక్కడ అసోసియేషన్ ఉగాది ఫంక్షన్లో కూడా ఆడేది ఇదేగా, బుర్ర దీనికే అలవాటు పడిపోయింది. పవర్‌బాల్‌లో ప్రతి డ్రాకీ 69 బంతులూ మళ్ళీ లోపలికే వెళ్తాయి. మావయ్యకి ఇదే చెప్పాను, ఆ సంచి చూపించి. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పుస్తకం మీద వేలు పెట్టి "అయితే ఇదంతా ఏటి మరి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

నిజం చెప్పాలంటే రెండు డాలర్ల టికెట్ మీద నాకేం కోపం లేదు, ఆ పుస్తకం మీద అసలే లేదు. నా మంట అంతా సిస్టమ్ అమ్మేవాళ్ళ మీద. మావయ్య ఒక వాట్సాప్ గ్రూపులో 4,999 కట్టి "వీఐపీ మెంబర్" అయ్యాడు, మూడు నెలలపాటు రోజూ షూర్ నంబర్లు వచ్చాయి, ఒక్కటీ తగల్లేదు, కానీ గ్రూపులో మాత్రం రోజూ ఎవరో ఒకరు గెలిచిన స్క్రీన్‌షాట్. ఇందులో మాయ ఏమీ లేదు, వెయ్యిమందికి వెయ్యి రకాల నంబర్లు పంపితే ఎవరికో చిన్న ప్రైజ్ తగలక తప్పదు, ఆ ఒక్కడి ఫొటో మిగతా 999 మందికీ చూపిస్తే సరిపోయింది. ఇంకొకళ్ళు కేరళ లాటరీ ఆన్‌లైన్‌లో అమ్ముతాం అంటారు, కేరళ ప్రభుత్వం అమ్మేది కాగితం టికెట్లే, అందులో నంబర్ ముందే అచ్చయి ఉంటుంది, మనం ఎంచుకునేదే లేదు.

వీల్ సిస్టమ్ అని కాస్త మర్యాదగా కనిపించేది ఇంకోటుంది. ఎనిమిది నంబర్లు అనుకుని వాటిలో ఐదేసి చొప్పున అన్ని కాంబినేషన్లూ కొనాలి, 56 టికెట్లు, 112 డాలర్లు. మీ ఎనిమిదిలోంచే ఐదూ పడితే చిన్నా పెద్దా ప్రైజులు గుత్తిగా వస్తాయి, అది అబద్ధం కాదు. కానీ ఏవో 56 వేరువేరు టికెట్లు కొన్నా జాక్‌పాట్ ఛాన్స్ అంతే. ఒక్క టికెట్‌కి ఆ ఛాన్స్ ఎంతా అంటే 29,22,01,338కి ఒకటి. మావయ్యకి ఇలా చెప్పాను: వైజాగ్ స్టేషన్ నుంచి ఏలూరు దాకా పట్టాలు సుమారు 290 కిలోమీటర్లు, ఎవడో ఎక్కడో ఒక్క మిల్లీమీటర్ గీత గీశాడు, నువ్వు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని కళ్ళు మూసుకుని కిటికీలోంచి సూది వేస్తే సరిగ్గా దాని మీద పడాలి. 56 టికెట్లంటే 56 సూదులు.

నిజంగా పనిచేసిన సిస్టమ్ అంటే అన్ని నంబర్లూ కొనెయ్యడమే. 1992లో వర్జీనియాలో స్టెఫాన్ మాండెల్ బృందం ఆ పనే చేసింది, అప్పుడక్కడ 44లో ఆరు, మొత్తం 70,59,052 కాంబినేషన్లు, టైము చాలక అన్నీ కొనలేకపోయినా 2.7 కోట్ల డాలర్ల జాక్‌పాట్ కొట్టారు. ఇప్పటి పవర్‌బాల్‌కి అదే చెయ్యాలంటే టికెట్లకే 58 కోట్ల డాలర్లు పైన.

నంబర్ ఎంచుకోవడం వల్ల తేడా వచ్చేది ఒక్కచోటే, గెలిచాక ఎంతమందితో పంచుకోవాలి అన్న దగ్గర. 2005 మార్చి 30న పవర్‌బాల్ సెకండ్ ప్రైజ్ 110 మందికి వచ్చింది, నిర్వాహకులు మోసం అనుకుని కంగారుపడ్డారు, తీరా చూస్తే వాళ్ళలో చాలామంది ఆడింది చైనీస్ ఫార్చ్యూన్ కుకీల్లోని చీటీ నంబర్లు. ఆ చీటీలో ఆరోది 40, పడింది 42. అదే 40 పడుంటే జాక్‌పాట్ ఎన్ని ముక్కలయ్యేదో! సౌతాఫ్రికాలో 2020 డిసెంబర్‌లో 5, 6, 7, 8, 9, పవర్‌బాల్ 10 పడ్డాయి, ఇరవై మంది గెలిచారు, పంచుకున్నారు. వరస నంబర్లు పడవు అనుకుంటాం గానీ వాటికీ అదే ఛాన్స్, కాకపోతే ఆడేవాళ్ళు ఎక్కువ. పుట్టినరోజులూ అంతే, అందరూ 31 లోపలే తిరుగుతుంటారు. కాబట్టి ఎంచుకోవాలని అంత సరదా ఉంటే 31 దాటినవి తీసుకోండి, లేదా మెషీనే నంబర్లు ఎంచే క్విక్ పిక్. ఛాన్స్ పెరగదు, పంచుకునేవాళ్ళు తగ్గొచ్చు.

మావయ్యకి ఈ పాయింట్ మాత్రం బాగా ఎక్కింది. బుధవారం డ్రాకి నంబర్లు పంపాడు: 38, 44, 57, 63, అన్నీ పైవే, ఐదోది 9. ఆయన పాత ఏపీ 31 స్కూటర్ నంబర్ కూడితే తొమ్మిది, పెళ్ళి తేదీ కూడితే తొమ్మిది, ఫ్లాట్ నంబర్ కూడినా తొమ్మిదే. అది కింద నంబర్ కదా మావయ్యా అన్నాను.

"అది ఉండనీరా" అన్నాడు.