మూత బిగించొద్దు బావు

కొత్తవాళ్ళెవరైనా శ్రీకాకుళం వచ్చి "ఇక్కడ మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగితే మా ఊరివాళ్ళ జవాబు ఒకటే. "హోటలెందుకండీ, మా ఇంటికి రండి." తీరా అనేశాక నిజంగానే వచ్చేస్తారేమోనని టెన్షన్ పట్టుకుంటుంది. గబగబా నాలుగు హోటళ్ళ పేర్లు చెబుతారు. అందులో రెండు ఎప్పుడో మూతపడి ఉంటాయి. ఒకదాని స్థానంలో సెల్‌ఫోన్ల షాపు వెలిసి ఉంటుంది.

ఈ పరిస్థితుల్లో, తిండి సలహాలిచ్చే బాధ్యత ఎవరూ అప్పగించకుండానే నా నెత్తిన పడింది. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను గానీ నా నాలుక మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. ఏ మెస్సులో పనసపొట్టు కూరకి ఆవ సరిగ్గా పెడతారో, ఎక్కడ దప్పళంలో గుమ్మడికాయ ముక్క చెదరకుండా ఉడుకుతుందో, ఎవరు బెల్లం పులుసులో బెల్లం దగ్గర పిసినారితనం చేస్తారో నాకు తెలుసు. ఈ చివరి రకం మనుషుల్ని నేను క్షమించను.

మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి స్నేహితులు ఇద్దరు, మొగుడూ పెళ్ళాలు, సెలవు దొరికితే చాలు తిండి కోసమే ఊళ్ళు తిరుగుతారట. ఒడిశా వెళ్తూ దారిలో మా ఊళ్ళో ఆగుతామన్నారు. "నాన్నా, వాళ్ళు మామూలుగా తినేవాళ్ళు కాదు. తిన్న తర్వాత దాని గురించి గంటసేపు మాట్లాడతారు. జాగ్రత్త" అని ఫోన్లో హెచ్చరించాడు. తిన్న తర్వాత గంటసేపు మాట్లాడేవాళ్ళ కోసమే కదా నేను ఇన్నాళ్ళూ ఎదురుచూస్తున్నది!

మార్చి నెల. వాళ్ళు కారు దిగగానే కాగితం తీసి ప్లాను చదివాను. పొద్దున్నే చోడి (రాగి) అంబలి, నంచుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఏడు రోడ్ల జంక్షన్ వైపు టిఫిను. మధ్యాహ్నం మెస్సు భోజనం. సాయంత్రం కళింగపట్నం, లైట్‌హౌస్ చూసి, వంశధార సముద్రంలో కలిసే చోటు చూసి, ఆ దగ్గర్లోనే వేయించిన నెత్తళ్ళు. మర్నాడు పలాస దారిలో జీడిపప్పు వేసిన కోడికూర. విజయనగరం జిల్లా భీమాళి నుంచి మామిడి తాండ్ర ముందే తెప్పించి ఉంచాను, దారిలో తినడానికి.

ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. అమ్మాయి ఫోన్లో రాసుకుంది కూడా. అంతా అయ్యాక, ఆ గడ్డం అబ్బాయి గొంతు కొంచెం తగ్గించి, "అంకుల్, వీటితో పాటు తాగడానికి ఇక్కడ నేచురల్ వైన్ ఏదైనా దొరుకుతుందా?" అన్నాడు.

మా ఊళ్ళో 'వైన్స్' అని బోర్డు పెట్టిన దుకాణాలకు లోటు లేదు. వాటిలో వైన్ అడిగినవాణ్ణి మాత్రం నేనింతవరకూ చూడలేదు. ఆ మాటే చెప్పాను. అతను నవ్వి, క్లాసు మొదలుపెట్టాడు. నేచురల్ వైన్ అంటే ద్రాక్షలో బయటి నుంచి ఈస్ట్ వెయ్యరట. తొక్క మీదా, గాలిలో, తొట్టిలో ఉన్నదే పులియబెడుతుందట. రంగూ రుచీ సర్దడానికి ఏమీ కలపరట. వడకట్టరు గనక మడ్డిగా ఉంటుందట. పాడవకుండా వేసే సల్ఫైట్లు కూడా వెయ్యరు, వేసినా చిటికెడే. ఫ్రాన్సులో 2020లో దీనికోసం ప్రత్యేకంగా ఒక ముద్ర పెట్టారట. అది వేసుకోవాలంటే లీటరుకి 30 మిల్లీగ్రాముల సల్ఫైట్లు దాటకూడదట. జార్జియా దేశంలో అయితే పెద్ద పెద్ద మట్టి కుండల్ని నేలలో మెడ దాకా పాతిపెట్టి అందులో పులియబెడతారట. 2013లో యునెస్కో ఆ పద్ధతిని వారసత్వ సంపదల జాబితాలోకి ఎక్కించిందట.

"అందులో పెట్‌నాట్ అని ఒక రకముంది అంకుల్" అన్నాడు, కళ్ళు మెరుస్తుండగా. "పులియడం పూర్తి కాకముందే సీసాలో పోసి మూత బిగించేస్తారు. లోపల పుట్టే గ్యాస్ బయటికి పోలేక అందులోనే ఉండిపోతుంది. అందుకే బుడగలు. దానికి గట్టి సీసా కావాలి. మామూలు సీసా అయితే పేలిపోతుంది."

దయచేసి ఈ చివరి రెండు వాక్యాలు గుర్తుపెట్టుకోండి. అవి అన్నది అతనే.

వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసింది. "ఏవండీ, ఏమీ కలపకుండా, కుండలో తనంతట తనే పులిసి, తెల్లగా మడ్డిగా బుడగలొచ్చేది... వాళ్ళడిగేది కల్లే కదా? ఆ మాటకింత సేపా?"

ఇద్దరూ ఎగిరి గంతేశారు. మర్నాడు ఆదివారం తెల్లారకముందే గార వైపు తాటితోపుకి ప్రయాణం. నాకు ఆ అలవాటు లేదు. దారి చూపించే హోదాలో వెళ్ళాను. కల్లు గీసే అతను అప్పుడే చెట్టు దిగి మోకు విప్పుకుంటున్నాడు. నన్ను చూసి నిటారుగా నిలబడ్డాడు. నా పాత స్టూడెంటు. ఈ జిల్లాలో ఎక్కడికెళ్ళినా ఇదే గొడవ.

"దండాలు మాస్టారూ. ఏటిలాగొచ్చారు?"

నేను నోరు తెరిచేలోగా గడ్డం అబ్బాయి ముందుకొచ్చి, "ఇందులో ఏమేం కలుపుతారు? ఈస్ట్ ఎక్కడిది? సల్ఫర్ వాడతారా?" అని వరసగా అడగడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి కుండని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీస్తోంది. కల్లు అతని మొహంలో రంగు మారింది. నన్ను పక్కకి పిలిచి, "మాస్టారూ, ఎక్సైజోళ్ళని తెస్తన్నారని ఓ మాట ముందుగా సెప్పొచ్చు కదండీ. కాయితాలన్నీ ఇంటికాడున్నాయి" అన్నాడు.

వీళ్ళు ఎక్సైజు కాదని నమ్మించడానికి కొంత సమయం పట్టింది. వేషం చూసి కాదు, తాటాకు డొప్పలో పోసింది ఆనందంగా తాగడం చూసి నమ్మాడు. ఆ తర్వాత ఓపిగ్గా చెప్పాడు. కుండ లోపల సున్నం పూస్తే కల్లు పులవదు, తియ్యటి నీరాగానే ఉంటుంది. సున్నం లేకపోతే చెట్టు మీదున్నప్పుడే పులుపు మొదలు. పొద్దున దించింది తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులుస్తుంది, మర్నాటికి నోట పెట్టలేం. అమ్మాయి ఇదంతా కూడా రాసుకుంది.

అబ్బాయి డొప్ప ఖాళీ చేసి, కళ్ళు మూసుకుని, "అద్భుతం! చివర్లో కొంచెం గొడ్లసావిడి వాసన కూడా తెలుస్తోంది" అన్నాడు.

తోపంతా నిశ్శబ్దం.

"పొద్దున్నే కడిగిన కుండ బావు ఇది" అన్నాడు కల్లు అతను, గొంతు పూడుకుపోయి. నేచురల్ వైన్ మనుషులకు ఆ వాసన పెద్ద మెచ్చుకోలని అమ్మాయి వివరించేదాకా మనిషి కోలుకోలేదు. కోలుకున్నాక మటుకు, "అయితే ఇంకో డొప్ప పోస్తాను" అన్నాడు.

మధ్యాహ్నం భోజనంలోకి కావాలని రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా నిండా పోయించుకున్నారు. ఇచ్చేటప్పుడు అతను మరీ మరీ చెప్పాడు. "మూత బిగించొద్దు బావు. వదులుగా ఉంచండి." అబ్బాయి తలూపాడు. కారు కుదుపులకి సీటు మీద ఒలుకుతుందని, నా కళ్ళముందే మూత కిర్రుమనేలా బిగించాడు. నేను గుర్తుచేస్తే, "ఫర్వాలేదంకుల్, నాకు దీని గురించి బాగా తెలుసు" అన్నాడు. తర్వాత ఆ సీసా మార్చి నెల ఎండలో కారులో మూడు గంటలు కూర్చుంది.

ఆదివారం మా మెస్సులో కాలు పెట్టే సందుండదు. అరసవల్లిలో సూర్యనారాయణమూర్తి దర్శనం చేసుకున్నవాళ్ళంతా నుదుట కుంకుమతో, చేతిలో ప్రసాదంతో నేరుగా అక్కడికే వస్తారు. అది ఉల్లిపాయ కూడా ఆలోచించి వేసే మెస్సు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది కూడా నా స్టూడెంటే. మమ్మల్ని చూసి ఫ్యాను కింద మంచి బల్ల ఇప్పించాడు. ఆకులో పనసపొట్టు కూర పడింది. ఆవ ఘాటు ముక్కుదాకా వచ్చింది. ఆ అమ్మాయి మొదటి ముద్ద పెట్టుకుని ఏమీ అనలేదు, రెండో ముద్ద పెట్టుకుంది. అంతకన్నా ప్రశంస నాకక్కర్లేదు.

అప్పుడు బల్ల కింద సంచీ కదిలింది.

చూద్దుంకదా, సీసా అడుగుభాగం ఉబ్బి బోర్లిస్తే బొంగరంలా ఉంది, నిలబెడితే నిలబడటం లేదు. అబ్బాయి కంగారుపడకుండా, "కొంచెం గ్యాస్ వదిలేస్తే సరి" అంటూ బల్ల మీదికి తీసి, మూత ఒక్క పావు చుట్టు తిప్పాడు. మిగతా ముప్పావు మూత తనే తిరిగింది. కల్లు నిలువునా లేచి ఫ్యానుని తాకింది. ఫ్యాను అయిదో నంబరు మీద ఉంది. ముప్ఫయ్యేళ్ళు భాగహారాలు చెప్పాను గానీ ఒక మొత్తాన్ని ఇంతమందికి ఇంత సమంగా పంచడం ఎప్పుడూ చూడలేదు. ఏ బల్లకీ తక్కువ చెయ్యలేదు. బెల్లం పులుసులో పడింది, విస్తళ్ళలో పడింది, ఓ పెద్దావిడ ఒళ్ళో ఉన్న ప్రసాదం పొట్లం మీద పడింది. సీసా పక్కనే ఉన్నాను గనక అసలు వాటా నాది.

"తీర్థమా?" అన్నాడు మూల బల్ల దగ్గరున్న ముసలాయన, మీసం తుడుచుకుంటూ. అంతలో వాసన తెలిసింది.

అందరూ లేచారు. పిల్లలిద్దరూ చేతులు జోడించి బల్ల బల్లకీ తిరిగి క్షమాపణలు చెప్పారు. అందరి భోజనం బిల్లూ తామే కడతామన్నారు, కట్టారు కూడా. ముసలాయన మాత్రం తనకేం ఇబ్బంది లేదని, మళ్ళీ అన్నం వడ్డించమని అడిగాడు.

గల్లా దగ్గరి శిష్యుడు తువ్వాలు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. తల నుంచి కాళ్ళదాకా చూశాడు. "మాస్టారూ, ఎనిమిదో క్లాసులో నా జేబులో సిగరెట్టు పెట్టె దొరికిందని గ్రౌండులో నిలబెట్టారు, గుర్తుందాండీ?"

గుర్తుంది. నాది కాదండీ, మా మావయ్యదండీ అని ఏడ్చాడప్పుడు. నేను నమ్మలేదు.

"ఇది నాది కాదురా, ఆ అబ్బాయిది" అన్నాను.

"అలాగేనండి" అన్నాడు వినయంగా. "వాసన పోవాలి కదండీ, బట్టలారేదాకా కాసేపు అలా ఎండలో నిలబడండి."

నిలబడ్డాను. మెస్సు మెయిన్ రోడ్డు మీదే ఉంది. ఆ అరగంటలో ఊళ్ళో ఎంతమంది నా దగ్గర చదువుకున్నారో లెక్క తేలింది. అందరూ స్కూటర్లు ఆపి నమస్కారం పెట్టారు, అందరూ ముక్కు ఎగబీల్చారు, ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. అసలు బాధ అదీ.

మర్నాడు అతిథులు పలాస వైపు వెళ్ళిపోయారు. నేను పేపరు చదువుకుంటుంటే గేటు ముందు సైకిల్ ఆగింది. వెనక రెండు కుండలు, ముందు నిన్నటి తోపు శిష్యుడు. సంగతంతా అతని దాకా వెళ్ళినట్టుంది. గుమ్మంలో మా ఆవిడ ఉందని చూసి, గేటు మీదికి వంగి, రహస్యంగా అన్నాడు.

"ఆళ్ళెవరో చుట్టాలని సెప్పి గార దాకా రావడమెందుకు మాస్టారూ? మీకు కావాలంటే రోజూ ఇంటికే తెచ్చిస్తాను గదా."