సవరణ: పొణికి చెక్క గురించి

మొన్న కొండపల్లి బొమ్మల పోస్టులో, ఆ బొమ్మలు చెక్కే పొణికి చెక్క సాఫ్ట్‌వుడ్డు, పైన్ జాతి లాంటిదే అని రాస్తిని కదా, అది తప్పు, పొరపాటు నాదే. వృక్షశాస్త్రం చెప్పే సారొకాయన చదివి ఫోన్ చేసి మరీ సరిదిద్దినారు.

హార్డ్‌వుడ్డు, సాఫ్ట్‌వుడ్డు అనేది చెక్క గట్టిదనాన్ని బట్టి పెట్టిన పేరు కాదంట, చెట్టు జాతిని బట్టి. పూలు పూసి కాయలు కాసే వెడల్పాకు చెట్లవి హార్డ్‌వుడ్డు, పైన్, దేవదారు లాంటి సూదాకు చెట్లవి సాఫ్ట్‌వుడ్డు. ఆ లెక్కన గోటితో నొక్కితే గాటు పడేంత మెత్తగా ఉన్నా పొణికి హార్డ్‌వుడ్డే, బాల్సా అనే బాగా తేలికైన చెక్క కూడా అంతే. మన తిరుపతి దగ్గర మాధవమాల వైపు బొమ్మలు చెక్కే ఎర్రచందనమూ అదే కోవ, కానీ దాని చేవ (మాను నడిమి గట్టి చెక్క) ముక్క నీళ్లలో వేస్తే మునుగుతుంది, పొణికి బెండులా తేలుతుంది.

పొణికి గురించి మిగతాది రాసినట్టే: తేలిక, ఉలికి సులువుగా లొంగుతుంది, తేమ పోయేలా వేడి చేసినాకే రంగు వెయ్యాలి, ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. బరువు మోసే పనికి మాత్రం వాడొద్దండి.

ఇంకొకటి, కామెంట్లలో అడిగిన ఏటికొప్పాక బొమ్మలవి పొణికి కాదు, అంకుడు కర్ర.