ఏప్రిల్ దాటాక తమిళం

సింగపూర్‌లో ఏప్రిల్ వస్తే తమిళ భాషా ఉత్సవం. 2007లో మొదలైంది. ఉపన్యాసాలు, పట్టిమన్రాలు (వేదికపై వాదప్రతివాదాలు), నాటకాలు... వేదికలకు కొదవ లేదు, కొదవంతా ఇళ్లలోనే. ఇంట్లో ప్రధానంగా తమిళం మాట్లాడేవారు 2010 జనగణనలో 3.3 శాతం, 2020లో 2.5 శాతం. నాలుగు అధికార భాషల్లో ఒకటై, బడిలో మాతృభాషగా నేర్పుతున్నా ఇదీ పరిస్థితి. పిల్లలకు శ్రద్ధ లేదన్న వాదనను మేం ఒప్పుకోం.

'వెళ్తున్నాను' అనడానికి పుస్తకంలోని 'పోగిరేన్' బజారులో అంటే తోటివాళ్లు నవ్వుతారు. వాడుకలోని 'పోరేన్' అంటే ఇంట్లో పెద్దలు సరిదిద్దుతారు. రెండువైపులా తప్పే అయినప్పుడు కుర్రాళ్లు ఇంగ్లిషులోకి జారుకోక ఏం చేస్తారు? మాట్లాడే తమిళాన్ని తరగతిలోకి తేవాలని 2005లోనే అక్కడి పాఠ్య సమీక్ష కమిటీ సూచించింది. గిడుగువారి పోరాటం ఎరిగిన మనకు దాని విలువ వేరే చెప్పాలా!

అసలు చిక్కు ఇంటి సంభాషణలో ఉంది. తల్లి తమిళంలో అడుగుతుంది, కొడుకు ఇంగ్లిషులో బదులిస్తాడు, ఆమె కూడా అటే మళ్లుతుంది. మళ్లకూడదు. అలాగని 'తమిళంలో చెప్పు' అని గదమాయించనూ కూడదు. వాడు చెప్పిన సంగతినే తమిళంలో కలుపుకొని తర్వాతి ప్రశ్న వేయాలి. వస్తువుల పేర్లు ఇంగ్లిషువైతే ఏం, క్రియ తమిళమైతే చాలు. 'తమిళ్' చివరి ప్రత్యేక ళకారం (ழ) సరిగా పలకలేదని మధ్యలో ఆపితే మిగతా మాట ఇంగ్లిషులోనే వస్తుంది. ఇద్దరు పిల్లలుంటే పెద్దవాడిమీద ఎక్కువ దృష్టి పెట్టాలి. బడి ఇంగ్లిషును ముందు ఇంటికి తెచ్చేది వాడే. అక్కడి లిటిల్ ఇండియాలోని టెక్కా మార్కెట్‌లో కూరగాయల బేరం పిల్లలకే అప్పగించి, పెద్దలు మాట అందించకుండా ఉండాలి.

ఫోన్‌లో తమిళ కీబోర్డు పెట్టుకోవడం నిమిషం పని. ఐఫోన్‌లో అంజల్, తమిళ్99 అనే రెండు కీబోర్డు అమరికలూ ఉన్నాయి. ఇంగ్లిషు అక్షరాలతో కొట్టే అలవాటుంటే అంజల్ సులువు. తమిళ్99లో అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి. ఒకే హల్లును వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే మొదటిదానిపై చుక్క (అచ్చు లేని హల్లుకు గుర్తు) దానంతటదే పడుతుంది. చేయి తిరిగేదాకా విసుగే. అప్పటిదాకా తాతయ్యలకు, అమ్మమ్మలకు వాయిస్ మెసేజ్ పంపినా మేలే.

ఇందులో మనవాళ్ల పాలూ ఉంది. అక్కడి బడుల్లో మాతృభాషగా తమిళం కాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలకే చోటు, తెలుగుకు లేదు. తమిళం ఎంచుకున్న తెలుగు పిల్లలకు ఇంట్లో వినే వీలుండదు. తోటి తమిళ పిల్లలు విరామవేళ ఇంగ్లిషే మాట్లాడితే వీళ్లకు మిగిలేది పాఠ్యపుస్తకమే.

ఉత్సవ నిర్వాహకులు కంఠస్థ ఉపన్యాసాల పోటీలు కొన్ని తగ్గించి, ఆ డబ్బును ఫుట్‌బాల్, వంట, వీడియో గేమ్‌లను తమిళంలో నడుపుకొనే కుర్రకారు బృందాలకు నెలనెలా గది అద్దె కోసం ఇవ్వాలి. అక్కడ న్యాయనిర్ణేతలు వద్దు.